మెరక మీద పసుపు రంగు

ఆ ఉదయం కాలనీ సభలో మైకు పట్టుకుని ఒక పెద్దావిడ నోరు మూయించాను. గొంతు పెంచలేదు, కటువుగా ఒక్క మాటా అనలేదు. నవ్వుతూనే మూయించాను. అందుకేనేమో, అది తప్పని మధ్యాహ్నం దాకా నాకు తోచనే లేదు.

అమలాపురం శివార్లలో, కాలువకీ చేలకీ మధ్య ఉన్న కాలనీ అది. నా చిన్నతనంలో ప్రభుత్వం పేదలకు కట్టించి ఇచ్చిన ఇళ్లు. ఉప్పుగాలికి శ్లాబుల్లో ఊచలు తుప్పు పట్టి పెచ్చులు ఊడిపడుతున్నాయి. వానాకాలంలో పొయ్యి మీద రేకు అడ్డం పెట్టుకుని వండుకునేవాళ్లను చూశాను. ఆ ఇళ్లను వీధి తర్వాత వీధి పడగొట్టి, వాటి స్థానంలో అంతస్తుల భవనాలు కట్టాలన్నది ప్రతిపాదన. అంతకు ముందు పట్టణ పటంలో ఆ నేల వినియోగం మారాలి. ఇళ్లు వచ్చే చోటికి పసుపు, దుకాణాలు వచ్చే చోటికి నీలం, ఏమీ కట్టకూడని చోటికి ఆకుపచ్చ. ఆ రంగులు వేసే పని నాది. ఆ పనిలోనే జుట్టు నెరిసింది.

వీధులు పడగొడుతున్నప్పుడు అక్కడి జనం ఉండటానికి ముందుగా ఒక భవనం లేవాలి. కాలనీ నడుమ ఏ కట్టడమూ లేని నేల ఒకటి ఉంది. చుట్టూ ఉన్న ఇళ్ల గుమ్మాల కన్నా ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. పటంలో దానికి ఆకుపచ్చ తీసేసి పసుపు వేశాను. సభలో దాన్నే చూపించి, ఎవరికీ ఉపయోగపడకుండా పడి ఉన్న ఖాళీ స్థలం అని చెప్పాను.

వెనక వరసలోంచి ఆ పెద్దావిడ లేచారు. ఆవిడ భర్త పక్షవాతం వచ్చి మంచం దిగలేరట. వాళ్లది పల్లపు వీధి. గోదావరి పొంగి మురుగుకాలువ వెనక్కి తన్నినప్పుడు ఆయన్ని మడతమంచం మీద నలుగురు పట్టుకుని ఆ మెరక మీదికి చేరుస్తారట. ఇదంతా చెప్పి అడిగారు.

“మా వీధి వంతు ఎప్పుడొస్తుందో మీరే చెప్పలేకపోతున్నారు. ఈలోగా వరదొస్తే మా ఆయన్ని ఎక్కడెట్టుకోమంటారండి?”

“వరద ఏటా రాదు కదండీ మామ్మగారూ,” అన్నాను. “ఇది ఒక తరానికి సరిపడా వేసుకుంటున్న ప్రణాళిక. మనం పెద్ద విషయం మాట్లాడుకుంటున్నాం.”

“ఆయ్,” అని ఆవిడ కూర్చున్నారు.

ఇంకెవరూ ఏమీ అడగలేదు. సభ అయ్యాక నాకు బొండం కొట్టించి, కుర్చీ నీడలోకి జరిపారు. ఆ మర్యాద చూసి, సభ బాగా జరిగిందనుకున్నాను.

మధ్యాహ్నం ఆ మెరక మీదికి వెళ్లాను. పునాదికి నేల పనికొస్తుందో లేదో చూడటానికి అంతకు ముందురోజు నేనే అక్కడ గొయ్యి తవ్వించాను. దాన్ని చూసి వెళ్లిపోదామనుకున్నాను. వేసవికి నీళ్లు ఆపి కాలువలు కట్టేసిన రోజులవి. ఎండిన కాలువలో తవ్విన ఒండ్రుమట్టిని ఒక ట్రాక్టరు తెచ్చి మెరక అంచున పోసి ఉంది. ఆడవాళ్లు, మగవాళ్లు పారలతో తట్టల్లోకి ఎత్తి పరుస్తున్నారు. సెలవు మీద కువైట్ నుంచి వచ్చిన ఒకతను తట్ట దించి నడుం పట్టుకుంటే పక్కనున్నావిడ ఊరుకోలేదు.

“అంత ఎడారి ఈదొచ్చేడంట, తట్టెడు బురదకి కూలబడిపోయేడు. విమానం ఎక్కించి పంపేయండర్రా.”

అతనితో సహా అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వు ఆపి, దారి ఇచ్చారు.

గోతిలోకి దిగాను. నిలువునా కోసిన గోడ కళ్లకు ఎదురుగా ఉంది. మామూలుగా మా ప్రాంతంలో ఏ గొయ్యి తవ్వినా కాస్త దూరం నల్లమట్టి, దాని కింద ఇసుక కనిపిస్తాయి. ఇక్కడ అలా లేదు. చీర మడతల్లా పొర మీద పొర. నల్లటి ఒండ్రు, దాని మీద సన్నటి బూడిద గీత, మళ్లీ ఒండ్రు, మధ్యలో నత్తగుల్లలు, కొబ్బరిపీచు, పెంకు ముక్కలు, ఒక ఆకుపచ్చ గాజు ముక్క. కిందికి పోయే కొద్దీ అవే పొరలు. లెక్కపెట్టబోయి మధ్యలో మానేశాను. ఎందుకో లెక్కపెట్టడం అమర్యాద అనిపించింది.

ఒక్కొక్క పొరా ఒక్కొక్క వేసవి, పైన వాళ్లు ఇప్పుడు పరుస్తున్నదీ అలాంటిదే. గోతిలో నిలబడితే అసలు నేల నా పాదాల కింద ఉంది, ఆ మనుషులు మోసి పోసిన నేల నా తలను దాటి పైకి పోయింది.

నేను పుట్టింది రాజోలు దగ్గర గోదావరి లంకలో. మా ఇంటి వాకిలి వీధి కన్నా ఎత్తు. ఆ ఎత్తు మీంచి దూకి ఆడుకున్నవాణ్ని. కోనసీమలో ఎత్తైన నేల తనంతట తాను ఉండదని పుస్తకం చూడకుండానే తెలియవలసిన మనిషిని. ఈ సీమంతా గోదావరి మోసుకొచ్చి పోసిన మట్టే. నది ఎంతో కాలం పట్టి చేసిన పనినే ఈ జనం తట్టలతో చేస్తున్నారు, ఎవరికీ చెప్పకుండా. నేను ఆ ఎత్తు చూశాను, దాని మీద నిలబడి పటం విప్పాను, ఎవరు ఎత్తు చేశారని మాత్రం అడగలేదు.

గోతి గోడలో ఒక్క చోట ఒండ్రు కాదు, జానెడు మందాన పసుపుపచ్చటి ఇసుక ఉంది. చేత్తో తడుముతుంటే పైనుంచి ఆ పెద్దావిడ గొంతు వినిపించింది. గట్టు మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నారు.

“అది మేం ఏసింది కాదండి. పెద్ద వరదొచ్చిన ఏడు గోదారే వచ్చి తన వంతు ఏసెళ్లింది.”

పైకి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను. అడిగితే చెప్పుకొచ్చారు. కాలువలు కట్టేయగానే ప్రతి ఇంటి నుంచీ మట్టి రావాలి. ముందు మెరకకి పోశాకే ఎవరి వాకిట్లో వాళ్లు పోసుకోవాలి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు మొదటి వేసవిలో ఒక తట్టైనా మోస్తుంది. గల్ఫులో ఉన్నవాళ్ల వంతు ఇంట్లోవాళ్లు మోస్తారు. తన పెళ్లయిన కొత్తలో ఇది మోకాలెత్తు కూడా లేదట. మొదటి వరదలో దీని మీద నిలబడి, పసిపిల్లల్ని భుజాల మీద పెట్టుకున్నారట. పోయినసారి వరదకి కాలనీ అంతా దీని మీద టార్పాలిన్లు కట్టుకుని, ఒక్క పొయ్యి మీద వండుకుని తిన్నారట. గొప్పగా చెప్పలేదు. ఇంట్లో నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటారో చెప్పినట్టు చెప్పారు.

“పొద్దున్న నేనన్న మాట తప్పండి,” అన్నాను.

ఆవిడ పక్కనున్న తట్ట బోర్లించి మట్టి దులిపారు. తర్వాత, “నాకు చెప్పి ఏం లాభవండి? అంతమందిలో అన్నారు కదా,” అన్నారు.

నిజమే. ఇద్దరం ఉన్నప్పుడు చెప్పుకోవడం నాకు సుఖం, ఆవిడకు ఒరిగేదేమీ లేదు. పటంలో పసుపు అలాగే ఉంది.

సాయంత్రం కార్యాలయంలో మా పైఅధికారి దగ్గర కూర్చుని, మెరకకు వేసిన పసుపు తీసేద్దామన్నాను. ఆయన మంచివారే, నవ్వేశారు. పొద్దున మైకులో చెప్పి, సాయంత్రం కాదనడం ఏమిటని అడిగారు. మెరకను వదిలేస్తే మొదటి భవనం ఎక్కడని కూడా అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. రోడ్డు వైపు కాలనీ కట్టిన రోజుల నాటి సిమెంటు గోదాము ఒకటి పాడుబడి ఉంది. ఆ ముక్కకు నేను నీలం వేశాను, అంతా దుకాణాలకే. మొదటి భవనం అక్కడ కడదామన్నాను. కింద దుకాణాలు, పైన ఇళ్లు. వరదొచ్చినా పైనున్నవాళ్లకు ఇబ్బంది ఉండదు. దుకాణాలు తగ్గుతాయని ఆయన గొణిగారు. కారణం ఏం రాస్తారు అన్నారు. స్థల పరిశీలన సరిగా చేయకుండా నేను మొదట ప్రతిపాదించాను, అదే రాస్తానన్నాను. అలా రాస్తే రేపు ఎవరైనా తప్పు పడితే నా మీదకే వస్తుందని హెచ్చరించారు. రాసి సంతకం పెట్టాను. మెరకకు ఆకుపచ్చ వేసి, ఏమీ కట్టకూడదని పటం మీదే రాశాను. పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో ఆయనా చెప్పలేకపోయారు.

ఆదివారం ప్రార్థన అయ్యే వేళకి కాలనీ చర్చి దగ్గరికి వెళ్లాను. పాస్టరుగారిని అడిగితే మైకు ఇచ్చారు. ఖాళీ స్థలం అన్నది నా పొరపాటని, అది వాళ్లు చేసుకున్న నేల అని, వరద గురించి అడిగిన మామ్మగారిని నేను చిన్నబుచ్చానని చెప్పాను. మార్పు పంపించానని, ఇంకా ఖాయం కాలేదని కూడా చెప్పాను. వెనకనుంచి ఆ కువైట్ అతను, “అయితే తమరి వంతు మట్టి ఎప్పుడు పోస్తారండీ?” అన్నాడు. నవ్వులు లేచాయి. నాకూ నవ్వొచ్చింది.

మామ్మగారు నవ్వలేదు. “వచ్చి మా ఆయనకీ చెప్పండి. ఆయన ఇక్కడికి రాలేడు కదా,” అన్నారు.

ఆయన మంచం కిటికీ పక్కన ఉంది. నేను చెప్పేదంతా కళ్లు నా మీద నుంచి తిప్పకుండా విన్నారు. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

“పైకెక్కేకాడ... జారతందండి,” అన్నారు. “మంచం. మోసేవోళ్లు పడతారు.”

ఇంత కాలం ఆయన్ని వేధించింది తన సంగతి కాదు, మోసేవాళ్ల కాళ్లు.

ఆ సాయంత్రమే మామ్మగారి వెంట మెరక దగ్గరికి వెళ్లాను. పల్లపు వీధి వైపు ఎక్కే చోట నేల నిటారుగా ఉంది. అక్కడ మేకులు దిగ్గొట్టి, దారం లాగి, వాలు ఎంత దూరం నుంచి మొదలైతే మంచం పట్టుకున్నవాళ్లు తడబడకుండా ఎక్కగలరో సున్నంతో గీతలు గీసి చూపించాను. తర్వాత చెప్పులు విప్పి పక్కన పెట్టి, ట్రాక్టరు పోసిన కుప్పలోంచి మట్టి ఎత్తి ఆ గీతల మధ్య పోయడం మొదలుపెట్టాను. తట్ట ఎలా పట్టుకోవాలో మామ్మగారు ఒకసారి సరిచేశారు.