గుమ్మంలో అడిగిన పేరు

వట్లూరు కాలేజీలో పాఠాలయ్యాక నేను చేసే పని ఫోన్‌లో సీరియల్ రాయడం. జమీందారుల కాలం నాటి ప్రేమకథ. ఏలూరు నుంచి తివాచీలు పరవడానికి వచ్చిన నేతపని కుర్రాణ్ణి జమీందారు చెల్లెలు ప్రేమిస్తుంది. అన్నకి తెలిసి, అతన్ని కొట్టించి, కొల్లేట్లో పడవెక్కించి వెళ్ళగొడతాడు. ఇక చెల్లెలు పగ తీర్చుకోవాలి. పాఠకులు నా ప్రాణం తోడేస్తున్నారు. ఆ అన్నని ఎప్పుడు చంపుతారండీ అని ఒకావిడ రోజూ అడుగుతుంది. మా గోదావరి వైపు ఆవిడే అయ్యుంటుంది, చంపమనడంలోనూ ‘అండీ’ వదల్లేదు.

కథ గాల్లోంచి తీసింది కాదు. మా మేనత్తది. తాడేపల్లిగూడెంలో నాన్నగారి ఇంట్లోనే ఉంటుంది, పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగా మావాళ్ళు కాని ఒకాయన్ని ఇష్టపడిందనీ, నాన్నగారు ఆయన్ని ఊళ్ళో లేకుండా చేశారనీ అమ్మ చెప్పింది. అంతకుమించి అమ్మకీ తెలీదు. ఆయన పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, అదేమిటో నాకూ తెలీదు. కత్తులూ గుర్రాలూ పెట్టేశాను కాబట్టి ఎవరూ పోల్చుకోలేరని నా ధీమా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

ఆదివారం మధ్యాహ్నాలు అత్తయ్యకి చదివి వినిపించడం అలవాటు. ఆ వారం పగ తీర్చుకునే భాగం రాసుకుని వెళ్ళాను. చెల్లెలు పాయసంలో విషం కలిపి అన్నకిస్తుంది. అత్తయ్య గోరుచిక్కుడుకాయలు విరుస్తూ అంతా విని ఆవులించింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

“విషం పెడితే వాడికేం పోయిందమ్మా? ఒక్కపూటలో అయిపోతుంది. వాడికి పెళ్ళి చెయ్యి. పెళ్ళాంతో ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలో ఆడపడుచు ఉంటుంది కదా.”

ఎగిరి గంతెయ్యడం ఒక్కటే తక్కువ! మావైపు కొత్త దంపతులు ఇంటికి రాగానే పెళ్ళికొడుకు చెల్లెలు గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది. ఒకరి పేరు ఒకరిచేత చెప్పించనిదే లోపలికి రానివ్వదు. అందరికీ అదో సరదా. నా నాయిక మాత్రం పెళ్ళికూతురి పేరు అడగదు. నాన్నగారి పెళ్ళిలో అత్తయ్య గుమ్మం దగ్గరికి రానేలేదనీ, పేర్లు చెప్పించేవాళ్ళు లేక ఊరికే లోపలికి వచ్చేశామనీ అమ్మ ఎప్పుడో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడే కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా రాసేశాను. అత్తయ్యా వినండి అని మొదలుపెట్టానో లేదో, నాన్నగారు నిద్రలేచి వచ్చి పడక్కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. ఆపాల్సింది. ఆపలేదు. అప్పుడే దించిన పకోడీ ఎవరైనా చల్లారనిస్తారా? నా గొంతు ఇంకా పెరిగింది. కథలో మేళం ఆగింది. ఊరంతా చూస్తోంది. చెల్లెలు రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ‘నీ భార్య పేరు నాకక్కర్లేదన్నయ్యా. నువ్వు వెళ్ళగొట్టావే, ఆయన పేరు చెప్పు. చెప్పి లోపలికి రా.’

అక్కడిదాకానే రాశాను. అన్న ఏం చేస్తాడో నాకే తెలీదు. చెబుతాడంటారా అని అత్తయ్యని అడిగాను.

అత్తయ్య నావైపు చూడలేదు. కాయలు విరవడం ఆపేసింది.

“చెప్పడమ్మా. అంత ధైర్యం వాడికెక్కడిది?”

నాన్నగారి చేతిలో పేపరు కిందికి దిగింది. నాకు కలిగింది సంతోషమో భయమో తెలీలేదు, రెండూ అనుకుంటాను. నాన్నగారు ఒక పేరు చెప్పారు. ఇంటిపేరుతో సహా, చివర ‘గారు’ చేర్చి మరీ చెప్పారు. నా నవలలో ఆ పేరున్నవాళ్ళు ఎవరూ లేరు.

అత్తయ్య ఒళ్ళోని కాయలు పక్కన పెట్టి ఆయనవైపు తిరిగింది.

“ఇంకోసారి చెప్పన్నయ్యా.”