ఫ్లాపీకి పెట్టిన బొట్టు

మా పీలమేడు ఇంట్లో ఆయుధపూజ నాడు బొట్టు తప్పించుకున్న వస్తువు లేదు. మిక్సీ, కుట్టుమిషను, మేం నైన అని పిలిచే నాన్న పంపుసెట్ల వర్క్‌షాపులోని లేతు మిషను, చివరికి సుత్తి కూడా. కంప్యూటర్ వచ్చిన ఏడాది అమ్మ దాని తెరకూ పెట్టింది. చాలా రోజులు మేం అక్షరాలను కుంకుమ పక్కనుంచి చదువుకున్నాం.

ఫ్లాపీ దగ్గర మాత్రం ఆగి ఆలోచించింది. అరచేతిలో ఇమిడే ఆ ప్లాస్టిక్ పలకకు చిన్న రేకు తలుపు ఉండేది. పక్కకు జరిపితే లోపల నల్లటి పల్చటి చక్రం. అమ్మ జరిపింది.

“అందులో నైన గొంతు ఉండాదిమా. పైన పెట్టు, చాలు,” అన్నాను.

“తలుపుకి పెడితే లోపలుండే ఆయనకి ఎట్ల చేరేది?” అని సరిగ్గా చక్రం మీదే గంధం, కుంకుమ పెట్టింది.

నైన అందులో ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ముందు రోజు కొత్త మైకు ముందు కూర్చోబెడితే, గొంతు సవరించుకుని, “ఏమి మాట్లాడేది?” అన్నారు. అంతే. పూజ తర్వాత ఆ ఫ్లాపీ కంప్యూటర్‌లో మళ్ళీ తెరుచుకోలేదు. నైన పడీపడీ నవ్వి, “ఇంకోతూరి మాట్లాడితే పోతుంది,” అన్నారు. ఆ ఇంకోతూరి రానేలేదు.

నైన పోయారు. కంప్యూటర్ పాత ఇనుముకు పోయింది. ఫ్లాపీ దేవుడి గూట్లో మిగిలింది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. పెళ్ళి వీడియోల్లో ఆయన నోరు కదులుతుంది, నాదస్వరం వినిపిస్తుంది. మొన్న అమ్మ, “ఒక్కతూరి వినిపించురా,” అంది.

లాప్‌టాప్‌కు తగిలించే ఫ్లాపీ డ్రైవ్ ఒకటి తెప్పించాను. స్పిరిట్ దూదితో చక్రం తుడిచాను. గంధం వదిలింది, కుంకుమ వదల్లేదు. అమ్మ ఎప్పుడూ మేలురకమే కొంటుంది. లోపల పెట్టగానే డ్రైవ్ గర్ర్‌మంది. ఆగి, మళ్ళీ గర్ర్‌మంది. ఉన్నదంతా చెరిపేసి కొత్తగా వాడుకుంటారా అని తెర మర్యాదగా అడిగింది.

ఇక రాదని నాకు తెలిసిపోయింది. ఫ్లాపీ బయటికి తీయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఇరురా, ఆగు, తీయొద్దు. గొంతు సవరించుకుంటా ఉండారు.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. డ్రైవ్ ఇంకోసారి గర్ర్‌మంది. అమ్మ కొంగు సర్దుకుని ముందుకు వంగింది.

“ఊఁ, చెప్పండి,” అంది.