మైకు పట్టుకున్న ‘విజయవాడ’ అమ్మాయి

రోడ్డు మీద బండ్లు తిరిగితే వింత, ఆగిపోతే మామూలు అన్నట్టుండే రోజులవి. ప్రత్యేక రాష్ట్రం కోసం ఇవాళ బంద్ అయితే రేపు రాస్తారోకో. అలాంటి రోజుల్లో, డిగ్రీ అయిపోయి ఇంట్లో అందరి కాళ్లకూ అడ్డం పడుతున్న నాకు ఓ ఉద్యోగం దొరికింది. కొత్తగా వచ్చిన ఒక కూల్‌డ్రింక్‌ ప్రచారానికి కంపెనీ వాళ్లు వీడియో గేమ్ పోటీ పెట్టారు. వ్యానులో పెద్ద టీవీ, దానికో గేమ్ మిషన్. సీసా కొన్నవాళ్లు కారు పందెం ఆడవచ్చు. మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో గెలిచినవాళ్లకు జనగామలో ఫైనల్, అక్కడ గెలిస్తే ఆ మిషనే బహుమతి. మైకులో జనాన్ని పిలవడం నా పని. (కూల్‌డ్రింక్ రుచి మాత్రం అడగకండి. దగ్గు మందులో సోడా కలిపినట్టుండేది.)

మైకు చేతికి రాగానే నాకేమైందో తెలియదు. ఇంట్లో మాట్లాడే మాట గొంతులోనే ఆగిపోయి, “రండి బాబూ రండి! ఆడేయండి, గెలిచేయండి!” అంటూ సినిమా హీరోయిన్ ఒకతె బయటికొచ్చింది. అలా మాట్లాడమని నన్నెవరూ అడగలేదు. సినిమాల్లో మా మాటను రౌడీలకో, నవ్వించేవాళ్లకో ఇచ్చేవాళ్లు కదా, చదువుకున్న పిల్ల అలా మాట్లాడకూడదని నాకు నేనే తీర్మానించుకున్నాను. మహబూబాబాద్‌లో ఎవరో “ఏ ఊరు మేడం మీది?” అంటే “విజయవాడండీ” అనేశాను. (విజయవాడను నేను రైలు కిటికీలోంచి కూడా చూడలేదు.) భూపాలపల్లిలో బొగ్గుగనిలో పనిచేసే ఒక అన్న కారుతో పాటు తనూ మలుపు తిరగబోయి కుర్చీలోంచి పడ్డాడు. పడి కూడా గెలిచాడు. “అయ్యో, జాగ్రత్తండీ!” అని రాగం తీశాను. జనం మురిసిపోయారు, నేను ఇంకా మురిసిపోయాను.

మా సూపర్‌వైజర్ సార్ గుంటూరు వైపు మనిషి. ఫైనల్ సాఫీగా జరిగితే ఉద్యోగం పర్మినెంటు చేయిస్తానన్నాడు. తీరా జనగామ చౌరస్తాకు వెళ్తే అక్కడ వంటావార్పు. ఉద్యమంలో అదొక పద్ధతి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండి, అందరూ అక్కడే కూర్చుని తినేవాళ్లు. వ్యాను ముందుకు కదలదు. “ఇంత జనం మళ్లీ దొరకరమ్మా, ఇక్కడే పెట్టేద్దాం” అన్నాడు సార్. గని అన్న, మహబూబాబాద్‌లో గెలిచిన తమ్ముడు టీవీ ముందు కూర్చున్నారు. నేను నా రాగం అందుకున్నాను. అప్పుడే ఒక పొయ్యి దగ్గరి నుంచి గరిటెతో సహా ఒకావిడ లేచి వచ్చింది. మా అవ్వ, మా నాయినను కన్నతల్లి! పాలకుర్తి నుంచి ఊరి ఆడవాళ్లతో ఆటోలో వచ్చిందట.

“ఏందే బుజ్జీ, గట్ల మాట్లాడుతున్నవేందే? పాణం మంచిగ లేదా?”

చుట్టూ నవ్వులు. సార్ నా వంక చూశాడు. విజయవాడ అబద్ధం బయటపడింది, ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆ భయంలో నా నోటి నుంచి వచ్చిన మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

“ఎవరండీ మీరు?”

అవ్వ నా మొహంలోకి చూసింది. సార్ వైపు చూసింది. “పొరబడ్డ బిడ్డా. మా మనుమరాలు అచ్చం గిట్లనే ఉంటది” అని అందరికీ వినపడేలా చెప్పి వెళ్లిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. (అవును, నిజంగానే అనుకున్నాను.) కాసేపటికి మళ్లీ వచ్చింది. చేతిలో విస్తరి, వేడి అన్నం, పప్పుచారు.

“పొద్దటి సంది మొత్తుకుంటున్నరు, గొంతెండిపోతది. జర తినుండ్రి మేడం.”

వెటకారం లేదు. నా నౌకరీ కాపాడుతోంది. పుట్టినప్పటి నుంచి “బుజ్జీ”, “ఏమే పోరీ” తప్ప ఇంకో పిలుపు ఎరగని నన్ను, మా అవ్వ మేడం అంటోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

“అవ్వా! గట్ల మేడం అనకే! నేను బుజ్జినే!” అని బావురుమన్నాను. మైకు నోటి దగ్గరే ఉందని గుర్తులేదు. చౌరస్తా మొత్తం వింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగిన గని అన్న కారు గోడకు గుద్దుకుంది, మిషన్ మహబూబాబాద్ వెళ్లిపోయింది. అవ్వ నా ముక్కు తన కొంగుతో తుడిచి, అందరి ముందే ముద్దలు కలిపి పెట్టింది.

సాయంత్రం సార్ మెల్లగా అన్నాడు: “నువ్వు మాట్లాడే భాష మా వైపు కూడా ఎవరూ మాట్లాడరమ్మా. ఏ ఊరిదో అడుగుదామనుకుంటూనే ఊరుకున్నా.” ఉద్యోగం తీసేయలేదు. కూల్‌డ్రింకే ఎక్కువ కాలం నిలవలేదు.

అవ్వ ఉన్నన్నాళ్లూ నేను గడప తొక్కగానే, “మేడం అచ్చింది, అన్నం పెట్టుండ్రి” అని ఇంట్లోకి కేకేసేది. అందరూ నవ్వేవాళ్లు, నేనూ తల దించుకుని నవ్వేదాన్ని. ఇప్పుడు ఆఫీసులో అందరూ నన్ను మేడం అనే పిలుస్తారు. ఆ పిలుపు వినగానే ఇప్పటికీ తల దిగుతుంది, నవ్వూ వస్తుంది. “ఏమే పోరీ” అనేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.