ఒక్క ఊపిరిలో ఎంతవరకు

ఆ రోజు చివరి పీరియడ్. హాలియా దగ్గరి ఊరి బడిలో మూడో తరగతికి పాఠం చదువుతుంటే నా గొంతు ముక్కులోంచి రావడం మొదలైంది. పిల్లలు నవ్వారు. బోర్డు వైపు తిరిగితే నేను రాసిన ఒక్క వరుస రెండుగా కనబడింది. మర్నాడు పొద్దున లేచేసరికి అంతా మామూలే.

ఇది తొంభైల మొదట్లో సంగతి. నెల తిరిగేసరికి సాయంత్రాలు రెప్పలు వాలిపోయేవి. రొట్టె నమలాలంటే దవడను చేత్తో పట్టుకోవాల్సి వచ్చేది. మా అత్తకు అనుమానం వచ్చింది.

"పొద్దుగాల బడికి మంచిగనే పోతవ్. పొయ్యికాడికి రాంగనే గిట్లెందుకైతది బిడ్డా?"

నల్లగొండలో కళ్ల డాక్టరు ఇచ్చిన అద్దాలతో ఏమీ మారలేదు. ఒకనాడు తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. మా ఆయన తన గొర్రెలను తమ్ముడికి అప్పగించి నన్ను హైదరాబాద్ దవాఖానకు తీసుకెళ్లాడు.

అక్కడి న్యూరాలజీ డాక్టరు పైకప్పు వైపే చూస్తూ ఉండమన్నారు. నిమిషం గడవకముందే రెప్పలు మూసుకుపోయాయి. నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. అరగంటకు కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. మా ఆయన వంగి చూసి, "నీ మొకం మళ్ల నీకొచ్చింది" అన్నాడు.

"మయస్థీనియా గ్రేవిస్," అన్నారు డాక్టరు. "నరం పంపే సంకేతాన్ని అందుకోవడానికి కండరాల కణాల పైపొరలో రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటుందమ్మా. మీ ఒంట్లో తయారైన యాంటీబాడీలు దాన్నే దెబ్బతీస్తున్నాయి. అందుకే వాడేకొద్దీ కండరం అలిసిపోతుంది. ఒక్క ఊపిరిలో ఇరవై దాకా లెక్కపెట్టలేకపోతే వెంటనే వచ్చేయండి. ఎక్కడ వైద్యం చేయించుకున్నా జబ్బు పేరు ముందే చెప్పండి."

రాసిచ్చిన మాత్రలు వేసుకున్నాను గాని, ఆ చివరి మాట నేను పాటించలేదు. సంగతి తెలిస్తే ఉద్యోగం పోతుందని భయం. వానాకాలంలో జ్వరం, మూత్రంలో మంట వచ్చి దగ్గరి డాక్టరుకు చూపించుకున్నాను. వేరే జబ్బులున్నాయా అని అడిగాడు. లేవన్నాను. జెంటామైసిన్ ఇచ్చాడు. ఆ యాంటీబయాటిక్ ఈ జబ్బున్నవాళ్లకు పడదని నాకు తర్వాతే తెలిసింది. మర్నాడు రెండో ఇంజెక్షన్ తర్వాత ఉమ్మి కూడా మింగలేకపోయాను.

మా ఆయన హైదరాబాద్‌కు కిరాయి జీపు మాట్లాడాడు. పడుకుంటే నాకు ఊపిరాడకపోవడంతో నన్ను కూర్చోబెట్టి పట్టుకున్నాడు.

"లెక్కవెట్టు."

పదకొండు దాకా వచ్చాను. మల్లేపల్లి దాటాక ఎనిమిది. ఒకచోట లారీలు ఆగిపోయి ఉంటే ఆయన దిగి, దారివ్వమని అరిచి వచ్చాడు.

"మళ్ల లెక్కవెట్టు. ఆపకు."

ఐదు. ఇబ్రహీంపట్నంలో మూడు. తర్వాత నాలుగని తెలుసు, అనడానికి గాలి లేదు. తల నిలవక ఆయన భుజం మీద వాలిపోయింది. "జర ఓర్సుకో, వచ్చినం," అంటూనే ఉన్నాడు.

దవాఖానలో గొంతులోకి ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టారు. తొమ్మిది రోజులు కళ్లు తెరవలేకపోయాను, వేలు కదపలేకపోయాను. మాటలన్నీ మాత్రం వినబడేవి. మా ఆయన రోజూ చెవి దగ్గరికి వచ్చి, "గొర్లు మంచిగున్నయ్. నువ్వు ఫికర్ చెయ్యకు, దమ్ము తీస్కో" అనేవాడు.

తర్వాత స్టిరాయిడ్లు, ఈ జబ్బుకు ఊతమిచ్చే థైమస్ గ్రంథిని ఛాతీలోంచి తీసే ఆపరేషన్. మొహం ఉబ్బిపోయింది. ఏడాది సెలవు. తిరిగి చేరిన రోజు జబ్బు పేరు హెడ్మాస్టరుకు నేనే చెప్పాను. ఉద్యోగం పోలేదు. నా పాఠాలన్నీ పొద్దుటి పీరియడ్లకు మార్చారు.

ఇప్పుడు మాత్రలు తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. అలిసిన రోజు ఎడమ రెప్ప వాలుతుంది.

ఈ జబ్బున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. జబ్బు పేరు, పడని మందుల పేర్లు డాక్టరుతోనే కాగితం మీద రాయించుకోండి. ఏ ఇంజెక్షనైనా వేయించుకునే ముందు, అడగకపోయినా సరే, అది చూపించండి. మనం మాట్లాడలేని స్థితి రావచ్చు కాబట్టి ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఒకటి ఉంచండి. మా ఆయన గొర్ల వెంట పోయినా ఆ కాగితం జేబులో ఉంటుంది.