మంచం కింద హార్మోనియం

సంగీతంలో ఎమ్మే అయ్యాక బుద్ధిగా ఏ స్కూల్లోనో టీచరుగా చేరి ఉంటే నా గొంతుకీ కడుపుకీ కూడా సుఖంగా ఉండేది. నేను రీసెర్చి అన్నాను. అందులోనూ సంగీతంతో రోగులకు చికిత్స చేయడం మీద. ఎనభైల మొదట్లో మా యూనివర్సిటీలో ఆ విషయం తెలిసినవాళ్లు ఎవరూ లేరు. సంగీతం వాళ్లు సైకాలజీ వాళ్ల దగ్గరికి పొమ్మన్నారు. సైకాలజీ వాళ్లు సంగీతం వాళ్లను అడగమన్నారు. చివరికి జాలిపడి గైడుగా ఉంటానన్న ప్రొఫెసరు గారు ఏదో విదేశీ పుస్తకం నుంచి సైక్లోస్టైల్ తీయించిన కాగితాల కట్ట నా చేతిలో పెట్టి, "ముందు రోగుల మధ్య కొన్నాళ్లు పని చేసి రండి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. సిటీలో పెద్దాసుపత్రులకు వెళ్లి అడిగితే ఇదేమన్నా కళ్యాణమండపమా అన్నారు. రమ్మన్నది ఒక్క జహీరాబాద్ డాక్టరే. ఆయన గైడు గారికి స్నేహితుడు, అక్కడ చిన్న దవాఖాన నడుపుతున్నాడు.

మాది కృష్ణ ఒడ్డు. జహీరాబాద్‌లో బస్సు దిగేనాటికి నాకు అక్కడ పిల్లీ కుక్కా కూడా తెలియదు. హైవే పక్కన, కిరాణా వ్యాపారం చేసే కన్నడం వాళ్ల ఇంట్లో మేడమీద గది దొరికింది. ఇంటివాళ్లు మర్యాదస్తులే. వాళ్లలో వాళ్లు కన్నడం మాట్లాడుకునేవాళ్లు, నాతో అవసరమైనంత తెలుగు మాట్లాడేవాళ్లు. ఆ అవసరం వారానికోసారి వచ్చేది. సాయంత్రాలు కిటికీ దగ్గర కూచుని, బొంబాయి వైపు పోయే లారీల హారన్లు ఏ శృతిలో ఉన్నాయో పట్టేదాన్ని. సరిగ్గా నా పంచమం మీద మోగే చెరుకు లారీ ఒకటి ఉండేది. అది రాని రోజు దిగులుగా ఉండేది. లారీ కోసం బెంగపెట్టుకునే స్థితికి వచ్చానంటే ఇంక చెప్పేదేముంది.

వీణ మోసుకుపోవడం కుదరదని సెకండ్‌హ్యాండులో హార్మోనియం కొనుక్కుని వచ్చాను. మా గురువుగారు చూస్తే నాతో మాట్లాడటం మానేసేవారు. మొదటి రోజు దాన్ని వార్డులోకి తీసుకెళ్లి, నడుమ ఖాళీలో చాప పరుచుకుని, గాలితిత్తి తెరిచి షడ్జమం పట్టాను. వార్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. నా పాట మహిమే అనుకున్నాను.

పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న ఆమె లేచి కూచుని మెల్లగా అడిగింది. "ఎవలు పోయిన్రమ్మా?"

నాకర్థం కాలేదు. ఎవరూ పోలేదమ్మా, ఇది వైద్యం అన్నాను. ఆమె నా ముఖం కేసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నానికి మూలమంచం ముసలాయన్ని కొడుకులు చేతుల మీద ఎత్తుకుని బస్సెక్కించేశారు. ఆయనకు వచ్చింది మామూలు జ్వరం. డాక్టరు గారి ముఖం జేవురించింది. దవాఖాన ఆయా నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది.

"మా దిక్కు పీనిగె కాడ కూసోని పెట్టె వాయిస్తరమ్మా. మట్టి చేసేదాంక భజనోళ్లు పాడుతనే ఉంటరు. దవాఖానల్నే పెట్టె దెచ్చిన్రంటె, డాక్టరు ఆశ వదులుకున్నడనుకున్నరు."

డాక్టరు గారు మంచివాడు. నన్ను పొమ్మనలేదు. "పాటలు పాడుకోండ్రి, నేనొద్దంటలేను. ఆ పెట్టె మాత్రం వార్డుల కనవడొద్దు" అన్నాడు. గదికి తెచ్చుకుంటే ఆ సాయంత్రమే ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. అంతసేపు ఆమె నాతో నిలబడి మాట్లాడింది అదొక్కసారే. "పెట్టె ఇంట్ల వాయించకండమ్మా. మా మామ పెద్ద వయసు మనిషి, ఇంట్లనే ఉంటడు. ఏమనుకోకుండ్రి." అనుకోవడానికేముంది. హార్మోనియం మంచం కిందికి పోయింది. నాకు మాత్రం పేరు మిగిలింది. బజారులో అల్లం అమ్మే ఆడవాళ్లు కూడా 'పెట్టె అమ్మ' అనుకుంటూ నాకు దారి వదిలేవారు. దారి వదలడం గౌరవమో భయమో తెలియనంత అమాయకురాలిని కాదు.

దసరా వెళ్లాక ఝరాసంగం వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడను తెచ్చారు. పక్షవాతం. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. కూడా కోడలు వచ్చింది. బక్కపల్చటి మనిషి, అత్తను పసిపిల్లలా చూసుకునేది.

"మీ అత్తగారు పాటలు పాడేవారా?" అని అడిగాను. కాగితాల్లో అలా అడగమని ఉంది.

"పాటలెక్కడియమ్మా. మాట్లాడేది. ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు ఇనవడేటట్టు మాట్లాడేది" అంది కోడలు. అని అత్త దుప్పటి సర్దింది. "జొన్న కోతలకు నేను చేన్లకు పోవాలె. ఈమె ఒక్కతే ఇంట్ల ఉండాలె. దూపైతే ఎవల్నన్న ఎట్ల పిలుస్తది? గొంతెండి పానం పోయినా పక్కింటోళ్లకు దెల్వది."

అంతే. ఈ ఒక్క విషయమే నన్ను పట్టుకుంది. కోతల లోపల ఈవిడకు ఒక్క పిలుపు రావాలి.

పక్షవాతంతో మాట పోయినా కొందరికి పాట మిగులుతుందట. అందుకని కావలసిన మాటను రెండే స్వరాల మీద, ఒకటి పైది, ఒకటి కిందిది, సాగదీసి పలుకుతూ రోగి ఎడమచేతిని మంచం మీద తాళంలా తట్టాలి. ముందు నేనొక్కదాన్నే, తర్వాత ఇద్దరం, చివరికి ఆమె ఒక్కతే. కాగితం మీద ఎంత సులువుగా ఉందో. నేను 'నీళ్లు గావాలె' అనే మాట ఎంచుకున్నాను. రోజూ పొద్దున్నే ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని అదే మాట, అవే రెండు స్వరాలు. ఆమె గోడ వైపు చూసేది. కార్తీకం పోయింది, చలి వచ్చింది. ఆమె గొంతులోంచి చిన్న కూనిరాగం మాత్రం వచ్చేది, మాట వచ్చేది కాదు. పక్క మంచాల వాళ్లకు వచ్చేసింది. వార్డులో ఎవరికి దాహం వేసినా ఆ వరసలోనే అడిగి నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది, గదికి వెళ్లాక ఏడుపొచ్చేది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఎవరున్నారు? ఆదివారాలు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోరు తెరిచే పని ఉండేది కాదు. ఆమెకు మాట లేదు సరే, నాకు ఉండి ఏం లాభం అనిపించేది.

ఒక రోజు నాకు ఒంట్లో బాగాలేదు. బస్టాండు దగ్గర నేను తినే హోటలు మూసి ఉంది. అలాగే దవాఖానకు వెళ్లి కూచున్నాను. కోడలు మూట విప్పి రొట్టె ముక్కలు చేసి అత్తకు పెడుతోంది. నేను చెయ్యి తడుతూ మొదలుపెట్టాను. గొంతు సరిగా లేవలేదు. ఆపేశాను. పెద్దావిడ గోడ వైపు నుంచి ముఖం తిప్పి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తన చేత్తోనే నా చెయ్యిని మంచం మీద తట్టింది.

"తిన్... నవా?"

పై స్వరం ఒకటి, కింది స్వరం ఒకటి. నేను నేర్పిన వరసే. మాట మాత్రం ఆమెది.

కోడలు చేతిలో రొట్టె పట్టుకునే ఏడవడం మొదలుపెట్టింది. నేను 'తిన్నాను' అని అలవాటుగా అబద్ధం చెప్పి వరండాలోకి వెళ్లిపోయాను. రీసెర్చి గుర్తుకు రాలేదు. ఆ ఊరొచ్చిన దగ్గర్నుంచి ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా అప్పటిదాకా నాకు తెలియదు. స్తంభం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

'నీళ్లు గావాలె' ఆమెకు ఎప్పటికీ రాలేదు. ఎంత ప్రయత్నించినా ఆ ఒక్క మాటే. కోతలకు ఇంటికి తీసుకుపోయారు. తర్వాత మందుల కోసం వచ్చిన కొడుకు నవ్వుతూ చెప్పాడు. "ఆకలైనా తిన్నవా, దూపైనా తిన్నవా, తేలు గనవడ్డా తిన్నవానే. పక్కింటామె ఉరికొస్తదమ్మా. ఫికర్ లేదు."

యూనివర్సిటీకి వెళ్లి ఇదంతా ఎంతో సంబరంగా గైడు గారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "మీరు నేర్పిన వాక్యం రాలేదు కదమ్మా. వచ్చింది నోటి అలవాటు మాట. దీన్ని ఫలితమని ఎలా రాస్తాం?" కాగితాల ప్రకారం ఆయన మాట సరైనదే. నాకు ఒళ్లు మండిపోయింది. మండిన ఒంటితోనే బస్సెక్కి జహీరాబాద్ వచ్చి, ఆ పెద్దావిడ సంగతి విఫలమైనవాటిలో రాసి, కిటికీ దగ్గర కూచున్నాను. చెరుకు లారీ కూడా రావడం మానేసింది. సీజను అయిపోయింది.

వానలు పట్టాక ఒక పొద్దున ఆ పెద్దావిడ కొడుకు దవాఖాన గుమ్మంలో నిలబడ్డాడు. తల మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అవ్వ పోయిందమ్మా. మీరు పెట్టె పట్కోని రావాలె."

"నాకు భజనలు రావు నాయనా."

"పాడేటోళ్లున్నరు. మీ కోడలుపిల్లనే మిమ్మల్ని తోల్కరమ్మన్నది." తన భార్య గురించి అలా అన్నాడు, నేనూ ఇంట్లో పెద్దదాన్నైనట్టు.

మంచం కింద నుంచి హార్మోనియం బయటికి లాగి, దుమ్ము తుడిచి, జీపులో ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. పెద్దావిడను వాళ్ల ఆచారం ప్రకారం గోడకు ఆనించి కూచోబెట్టారు. నుదుటి నిండా విభూతి. ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టుంది. భజన వాళ్లు జరిగి చోటిచ్చారు. వాళ్ల తత్వాల్లో సగం కన్నడం, సగం తెలుగు. ఒక్కటీ నాకు తెలియదు. శృతి ఇచ్చి, వెనకాలే తడుముకుంటూ పోయాను. అటూ ఇటూ భుజాలు తగులుతున్నాయి. పెట్టె చూసి ఎవరూ భయపడలేదు. ఆ ఊళ్లో దాని చోటు అదే. చావింట్లో కూచుని నాకు ప్రాణం కుదుటపడిందని రాయడానికి మొహమాటంగానే ఉంది, కానీ నిజం.

మధ్యాహ్నం తీసుకెళ్లిపోయారు. ఆడవాళ్లు స్నానాలు చేశారు. ఆ ఇంట్లో పొయ్యి వెలగకూడదు కనుక పక్కింటామె గంపలో రొట్టెలు, పప్పు తెచ్చి పెట్టింది. నేను అరుగు మీద పెట్టె మూసి, తాడు కడుతున్నాను. సాయంత్రం జీపు పోతే మళ్లీ రేపటిదాకా లేదు. కోడలు తడిజుట్టుతో వచ్చి నా ముందు నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి.

"తిన్నవా?"

పైది ఒకటి, కిందిది ఒకటి. తను ఏ వరసలో అడిగిందో ఆమెకు తెలియదు. లోపల ఎవరో ఇంకెవరినో అడుగుతున్నారు, అదీ ఆ వరసలోనే. ఆ ఇంట్లో అందరూ ఇప్పుడు అలాగే అడుగుతున్నారు.

"ఇంకా లేదు" అన్నాను. నా గొంతు కూడా ఆ రెండు స్వరాల మీదుగానే పోయింది.