పక్కా ఇల్లు, పక్కింటి మేడ

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తల్లో నాకు దరఖాస్తు ఫారమంటే దేవుడంత భక్తి. మనుషులు అబద్ధమాడతారేమో గానీ ఫారం ఆడదని నమ్మే వయసు. వడ్డీలో కొంత ప్రభుత్వమే భరించే ఇంటి లోన్లు అప్పుడే ఊపందుకున్నాయి. ఆత్రేయపురం వైపు ఓ బ్యాంకు బ్రాంచిలో నేను లోన్ల ఆఫీసర్ని. మెడలో ఐడీ కార్డు, చేతిలో అట్ట, ముఖంలో ఆ లోనేదో నా జేబులోంచి తీసి ఇస్తున్నంత గాంభీర్యం. (పుట్టి పెరిగింది మండపేటలోనే అయినా, ఫారం చేతికొస్తే నా నోట తెలుగు కూడా ఫారంలాగే వచ్చేది.)

మొదటి వారంలోనే పూతరేకుల పిన్నిగారింటికి వెళ్ళాను. నాకు చుట్టమేమీ కాదు, ఊరంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. ఇనప రేకుల షెడ్డు. కాపురం అందులోనే, కుండ మీద పూతరేకులు తీయడమూ అందులోనే. వానొస్తే కప్పు కారుతుంది. చెమ్మ తగిలిన పూతరేకు మెత్తబడిపోతుంది, ఎవరూ కొనరు. ఏటా వానాకాలమంతా పొయ్యి ఆర్పుకుని కూర్చోవలసి వస్తోందని, ఒక్క శ్లాబు పడితే ఏడాది పొడుగునా పని చేసుకుంటానని ఆవిడ చెబుతూనే ఉంది. నేను వింటేనా! తరువాతి గడిలోకి దిగిపోయాను.

"పక్కా ఇల్లు ఉందాండీ?"

"ఎందుకు లేదండీ! అదుగో, మేడ. పోయినేడు పైన ఇంకో అంతస్తు కూడా లేపారండి."

కిటికీలోంచి చూశాను. కొత్త రంగు వేసుకుని మేడ మెరిసిపోతోంది. అంత మేడ పెట్టుకుని నాకు షెడ్డు చూపిస్తున్నారా అనుకున్నాను. పైగా, పాపం, అమాయకంగా నిజం ఒప్పేసుకుందని జాలిపడ్డాను కూడా! ఆ మేడ ఎవరిదండీ అని ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది? ఫారంలో ఆ ప్రశ్న లేదు, నేను అడగలేదు. సొంతంగా పక్కా ఇల్లున్నవాళ్ళకి ఆ లోను రాదు. 'ఉంది' అన్నచోట టిక్కు పెట్టి, దరఖాస్తు తిరస్కరించమని రాసి, ఓ అక్రమాన్ని ఆపినవాడిలా బండెక్కాను.

వారం తిరక్కుండా, లోను రాదన్న ఉత్తరం పట్టుకుని పిన్నిగారు బ్రాంచికి వచ్చింది. ఆవిడ వెనకాల మరొకావిడ, కళ్ళు తుడుచుకుంటూ. మేనేజరు గారు ఇద్దరినీ కూర్చోబెట్టి సంగతేమిటని అడిగారు.

"పక్కింటోళ్ళకి మేడుంటే మాకు లోనివ్వరంటండీ," అంది పిన్నిగారు. "రూలంటే రూలే, కాదన్ను. కానీ మేడ కట్టుకున్నది వీళ్ళు కదండీ, మేం కాదు కదా?"

రెండో ఆవిడ అందుకుంది. "మా మేడ వల్లే పిన్నికి ఆగిపోయిందంటండీ. మా ఆయన్తో కూడా చెప్పాను. పై అంతస్తు తీయించేస్తే ఇస్తారాండీ?"

మేనేజరు గారు ఫారం తెప్పించి చూశారు, నన్ను చూశారు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "పక్కా అంటే ఏంటో ఆవిడకి చెప్పు బాబూ," అన్నారు.

"సిమెంటుతో కట్టిన గట్టి ఇల్లండీ," అన్నాను, నాకే వినపడనంత చిన్నగా.

"ఆ మాటే అడగొచ్చు కదండీ! పక్కా ఇల్లంటే నేను పక్కిల్లే అనుకున్నాను!"

ఆ సాయంత్రమే మళ్ళీ వెళ్ళి, షెడ్డు ఫొటోలు తీసి, ఫారం కొత్తగా నింపాను. ఈసారి పిన్నిగారు చెప్పిందంతా విన్నాకే కలం తీశాను. లోను మంజూరైంది. వానలు దిగకముందే శ్లాబు పడింది.

గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాను. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని, "మాకు లోనిప్పించింది ఈ బాబుగారే" అని చుట్టాలందరికీ చూపించడం మొదలుపెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఉండబట్టలేక, "అది కాదండీ, అసలు మీ లోను ఆపిందే..." అని నోరు తెరిచాను.

పిన్నిగారు నా చెయ్యి గట్టిగా నొక్కింది. "తెలుసు బాబూ. ఊరుకోండి, చుట్టాలున్నారు," అంది నాకు మాత్రమే వినపడేలా.