వాసన వెళ్లిన ఇంటికి గిన్నె వెళ్లాలి

మా చిన్నప్పుడు... చోడవరంలో మా వీధి మొత్తానికి మొదటి కేకు తయారైంది మా ఇంట్లోనే. ఓవెన్ అంటే ఏమిటో అప్పట్లో ఎవరికీ తెలియదు. అమ్మ పెద్ద దబర గిన్నె అడుగున ఇసుక పోసి, దానిమీద సత్తు గిన్నె పెట్టి, కిరసనాయిలు స్టవ్ మీదికి ఎక్కించింది. పంచదార సరిపోలేదని సగం బెల్లం కోరు వేసింది. మా ఊళ్లో బెల్లానికి కరువేముంది...

కాసేపటికి వాసన మొదలైంది. వంటింటి కిటికీ వీధివైపే. ముందు ఎదురింటి పిల్లలు వచ్చారు. వాళ్లని పిలిచే వంకతో వాళ్లమ్మ వచ్చింది. ఆవిడని వెతుక్కుంటూ ఇంకొకావిడ... చూస్తూండగానే సగం వీధి మా అరుగు మీద కూర్చుంది.

అమ్మ ఆ బెత్తెడు కేకుని అగ్గిపెట్టెలంత ముక్కలు కోసి అందరి చేతుల్లోనూ పెట్టింది. రాని ఇళ్లకి గిన్నెల్లో పెట్టి నా చేత పంపింది. అంతా అయ్యాక నాకు మిగిలింది అడుగున అంటుకున్న మాడు. ఏడుపు లంకించుకున్నాను.

"ఊరుకోయే. వాసన ఎళ్లిన ఇంటికి గిన్నె ఎళ్లాల. నేకపోతే మనం తిన్నది మన ఒంటికి పట్టదు" అంది అమ్మ.

వెళ్లిన గిన్నెలు ఖాళీగా తిరిగి రాలేదు. ఒకదాంట్లో రెండు అరటిపళ్లు, ఒకదాంట్లో గుప్పెడు వేరుశనగకాయలు... ఇంట్లో ఏమీ లేనివాళ్లు చెంచాడు పంచదారైనా వేసి ఇచ్చారు. ఖాళీ గిన్నె తిరిగివ్వడం మా వీధిలో పెద్ద తప్పు. ఆ పంచదార నేను దారిలోనే నాకేశాననుకోండి, అది వేరే సంగతి.

ఇప్పటికీ నేను చోడవరంలోనే ఉంటున్నాను. ఓవెన్ కొన్న కొత్తలో సరదాకి చేసేదాన్ని. అమ్మ చేసిన ఆ బెల్లం కేకే... కాస్త వెన్న, జీడిపప్పు ఎక్కువ పడేవి, అంతే. వీధిలో అన్ని ఇళ్లకీ గిన్నెలు వెళ్లేవి. "ఇంత బాగా సేస్తన్నావు, అమ్మకానికెట్టొచ్చు కదమ్మా" అని మొదట అన్నది కూడా ఆ గిన్నెలు అందుకున్నవాళ్లే. సరే, పెట్టాను. పేరు అచ్చు వేయించిన అట్టపెట్టెలు తెప్పించాను. ఇప్పుడు రావికమతం నుంచి, దేవరాపల్లి నుంచి కూడా పుట్టినరోజులకి ఫోన్లు వస్తున్నాయి.

తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కేకు ఓవెన్లో పెట్టేముందు వీధివైపు కిటికీ మూసేయడం అలవాటు చేసుకున్నాను. ఆర్డర్ కేకులోంచి ముక్క కోసి పంచలేం కదా. వాసనే వెళ్లకపోతే ఇక గిన్నె వెళ్లక్కర్లేదు... అమ్మ మాటలోంచే నాకు కావలసిన సందు వెతుక్కున్నాను. ఇలాంటి తెలివికి నాలో ఏం లోటు లేదు.

అమ్మ ఇప్పుడు అనకాపల్లిలో మా చెల్లి దగ్గర ఉంటోంది. రోజూ ఫోన్ చేసి "ఈయాల ఏటి సేసేవే? ఎవులికెట్టేవు?" అని అడుగుతుంది. ఎన్ని అమ్మావని ఒక్కసారి కూడా అడగలేదు. "అందరికీ పెట్టేనమ్మా" అని చెప్పేస్తుంటాను.

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం ఉక్క భరించలేక కిటికీ తెరిచాను. కేకు అప్పుడే దించాను. పక్కింటి కోడలు గౌరి మా గేటు దగ్గరికి వచ్చింది. నెలలు నిండుతున్న మనిషి... ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని నిలబడింది.

"అక్కా... బెల్లం వాసన వస్తంది. సిన్న ముక్క అమ్ముతారేటి?" అంది.

పెడతారా అనలేదు. అమ్ముతారా అంది... కడుపుతో ఉన్న పిల్ల.

నా బల్ల మీద ఉన్నది ఒక్కటే కేకు. దాన్ని తీసుకెళ్లాల్సిన మనిషి అప్పటికే బయలుదేరాడు. "ఇది ఆర్డర్‌ది గౌరీ, కొయ్యకూడదు. రేపు నీకోసం చేసిస్తాను" అన్నాను. "పర్లేదక్కా" అని నవ్వి, మెల్లిగా వెళ్లిపోయింది. నేను పెట్టెకి రిబ్బన్ కట్టుకుంటూ కూర్చున్నాను. గౌరికి ముక్క కోసి పెట్టి, కేకు కోసం వచ్చినాయన్ని కాసేపు కూర్చోమని ఇంకొకటి చేసి ఇవ్వొచ్చు. ఆ ఆలోచన తట్టలేదని అబద్ధం చెప్పను. తట్టింది.

మర్నాడు పొద్దున్న వేరే పనులన్నీ పక్కనపెట్టి చిన్న కేకు చేశాను. అట్టపెట్టెలో పెట్టబుద్ధి కాలేదు. స్టీలు గిన్నెలో పెట్టి పట్టుకెళ్లాను. గౌరి అత్తగారు తలుపు తీసింది.

"గౌరి నేదమ్మా. తెల్లారగట్ల వాళ్లన్నొచ్చి మాడుగుల తీసుకెళ్లిపోయేడు, పురిటికి" అంది. ఏం చెయ్యాలో తెలియక గిన్నె ఆవిడ చేతిలోనే పెట్టి వచ్చేశాను.

సాయంత్రం ఆవిడే మా ఇంటికి వచ్చింది. గిన్నె తళతళలాడేలా తోమి, మీద పళ్లెం మూత పెట్టి తెచ్చింది. "ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదమ్మా" అని చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అరటిపళ్లో, ఆవకాయ ముక్కలో అనుకుంటూ మూత తీశాను.

లోపల రెండు వందల రూపాయల నోటు... మడతపెట్టి ఉంది.

ఆవిడ వెటకారానికి పెట్టలేదు. వ్యాపారం చేసుకునేవాళ్ల సరుకు ఊరికే తినకూడదని పెట్టింది. మా వీధికి ఆ పద్ధతి నేర్పింది ఇంకెవరో కాదు, నేనే. ఆ సాయంత్రం కూడా అమ్మ ఫోన్ చేసి "ఎవులికెట్టేవే?" అంది.

ఇప్పుడు కిటికీ తెరిచే కేకులు చేస్తున్నాను. వాసన వీధి చివరిదాకా వెళ్తోంది... ఎవరూ రావడం లేదు.

మీ వంటింట్లో పక్కింటివాళ్ల గిన్నె ఒక్కటైనా ఉందా? ఉంటే అందులో ఏం పెట్టి తిరిగి పంపుతారో చెప్పండి... చదువుకుంటాను. గౌరి బిడ్డతో వచ్చాక అదే గిన్నెలో కేకు పెట్టి ఇస్తాను. అప్పటిదాకా అందులోంచి ఆ నోటు తియ్యదలచుకోలేదు.